జంట కర్మలో ఫలం ఎవరిది?

ఐస్ డాన్స్‌లో ఇద్దరికీ కలిపి ఒకే మార్కు. అబ్బాయికి ఇంత, అమ్మాయికి ఇంత అని విడదీసి రాసే కాగితం ఆ ఆటలో లేదు. ఒకరు పడితే ఒక మార్కు కోత పడుతుంది, ఆ కోత ఇద్దరికీ. ఇద్దరూ పడితే రెండు. ఎవరు చేసుకున్నది వాళ్ళే అనుభవించాలని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన మనకు ఇక్కడొక చిక్కుంది. ఒక కర్మకు ఇద్దరు కర్తలైతే ఫలం ఎవరిది? చెరిసగమా? వాళ్ళలో ఒకరు మధ్యలో లేచిపోతే మిగిలినవాళ్ళ చేతిలో ఏముంటుంది?

నేను రాజమండ్రిలో కాలేజీ పిల్లలకు సంస్కృతం చెప్పి రిటైరైనదాన్ని. ఇప్పుడు మిషిగన్‌లో, డెట్రాయిట్ శివారున మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా మనవరాలికి పద్నాలుగేళ్ళు. ఐస్ డాన్సర్. చిన్నతనం నుంచీ ఒకే అబ్బాయితో జంటగా ఆడింది. పోయిన వేసవిలో ఆ అబ్బాయి వేరే ఊళ్ళో వేరే అమ్మాయితో జత కుదుర్చుకుని వెళ్ళిపోయాడు. ఆ కబురు వాళ్ళమ్మ దగ్గర్నుంచి మా అమ్మాయికి మెసేజిగా వచ్చింది. ఆ రాత్రి పిల్ల నా గదిలోకి వచ్చి, "అమ్మమ్మా, మేమిద్దరం చేసిందంతా ఇప్పుడు ఎవరిది? సగం వాడు పట్టుకుపోయాడా?" అని అడిగింది. ఏడుస్తూ అడగలేదు. లెక్క తేల్చమన్నట్టు అడిగింది. అందుకే బుజ్జగించి పంపించబుద్ధి కాలేదు. జైమిని మీమాంసా సూత్రాల్లో ఆరో అధ్యాయం తీస్తే ఈ లెక్కే ఉంటుంది. యజ్ఞం చేసే అధికారం ఎవరిది, ఫలం ఎవరికి చెందుతుంది, పదిమంది కలిసి చేసేటప్పుడు ఒకరు తప్పుకుంటే ఏం చేయాలి అన్నవే అక్కడి విచారణలు.

ఆ అధ్యాయం గురించి ఒక మాట ముందే చెప్పాలి. ఆడవాళ్ళకు యజ్ఞాధికారం లేదన్న ఐతిశాయనుడి వాదాన్ని జైమిని అక్కడ ఎత్తి చూపి, బాదరాయణుడి పక్షాన నిలబడి తోసిపుచ్చాడు. కానీ అదే అధ్యాయంలో శూద్రులకు అధికారం లేదని తేల్చాడు. ఆ తీర్పు తప్పని నా క్లాసులో చెప్పేదాన్ని, ఇక్కడా చెబుతున్నాను. ఆ శాస్త్రం నుంచి నేను తీసుకునేది తర్కం. ఆ తర్కం ఎవరి పిల్లకైనా పనికొస్తుంది.

మంచు మీద జంటగా ఆడే ఆటలు రెండున్నాయి. ఒకదాన్ని పెయిర్స్ అంటారు. అందులో మగవాడు ఆడపిల్లని తల మీదికి ఎత్తుతాడు, గాల్లోకి విసురుతాడు. ఐస్ డాన్స్‌లో ఆ విసురుళ్ళు లేవు. వాల్ట్జ్, టాంగో లాంటి నాట్యాలను మంచు మీదికి తెచ్చిన ఆట ఇది. ప్రపంచ పోటీల్లో 1952 నుంచి ఉంది. ఒలింపిక్స్‌లోకి 1976లో, ఇన్స్‌బ్రుక్‌లో వచ్చింది. చూసేవాళ్ళకు తేలిగ్గా కనబడుతుంది. కష్టమంతా పాదం కింద ఉంది. స్కేటు బ్లేడు అడుగున సన్నటి గాడి ఉంటుంది, దానికి అటూ ఇటూ రెండు అంచులు. ఆడేవాళ్ళు ఏదో ఒక అంచు మీదే ఒరగాలి. ఎంత ఒరిగితే వంపు అంత లోతుగా తిరుగుతుంది. అంచు బాగా పడితే కొత్త గుడ్డ చింపినట్టు మెత్తగా, సాగుతూ చప్పుడొస్తుంది. తప్పు పడితే గరగరమని గీకుతుంది. రింకులో బెంచీ మీద కూర్చుని కూర్చుని నాకు కూడా ఆ తేడా చెవికి పట్టుబడింది. ట్విజిల్ అని ఒకటుంది. ఒంటికాలి మీద గిర్రున తిరుగుతూ ముందుకు జారిపోవడం. ఇద్దరూ పక్కపక్కన, ఒకరినొకరు పట్టుకోకుండా, ఒకే లెక్కకు తిరగాలి. ఒకరు కాలు దించేస్తే రెండోవాళ్ళు ఎంత చక్కగా తిరిగినా పోయిన మార్కు పోయినట్టే.

మేముండే ప్రాంతం ఈ ఆటకు పేరున్న చోటు. ఇక్కడి కాంటన్ అనే ఊళ్ళో మరీనా జుయేవా, ఇగోర్ ష్పిల్‌బాండ్ అనే కోచ్‌ల దగ్గర రెండు జంటలు ఒకే మంచు మీద తయారయ్యాయి. కెనడాకు ఆడిన టెస్సా వర్చూ, స్కాట్ మోయిర్ ఒక జంట. అమెరికాకు ఆడిన మెరిల్ డేవిస్, చార్లీ వైట్ రెండో జంట. రెండు జంటలూ కుదిరింది 1997లోనే. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో కెనడావాళ్ళకు స్వర్ణం, అమెరికావాళ్ళకు రజతం. 2014లో సోచిలో అది తారుమారైంది. 2010 పోటీల్లో జానపద నృత్యం ఇతివృత్తంగా ఇస్తే డేవిస్, వైట్ మన దేశపు నాట్యం తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకుని 'దేవదాస్' లాంటి హిందీ సినిమాల పాటలు పెట్టుకుని ఆడారు. ఆ వీడియో ఇక్కడి మనవాళ్ళ ఇళ్ళలో చూడనివాళ్ళు లేరు. మా అమ్మాయి కూడా చూసింది. నాకు ఆడపిల్ల పుడితే ఇదే నేర్పిస్తానని అప్పుడే ఫోన్లో నాతో అంది. అంటే ఆశ ముందు పుట్టింది, పిల్ల తర్వాత పుట్టింది.

నన్ను అన్నిటికంటే కలతపెట్టేది ఇదే.

మీమాంసలో కర్మకు మొదలు కోరిక. స్వర్గం కావాలనుకున్నవాడు యజ్ఞం చేయాలి. కోరిక ఎవరిదో కర్త వాడే, ఫలమూ వాడిదే. మంత్రాలు చదివి, నెయ్యి పోసి, పొగలో కళ్ళు మండించుకునే ఋత్విజులకు దక్షిణ ముడుతుంది గానీ స్వర్గం రాదు. శ్రమ వాళ్ళది, సంకల్పం యజమానిది. ఇప్పుడు ఈ లెక్కను రింకులోకి తెచ్చి చూడండి. కోరిక తల్లిదండ్రులది. తెల్లవారుజామున చలిలో లేచి, పాదాలు కమిలిపోయేలా బూట్లు బిగించుకుని, పడి లేచేది పిల్ల. అలాగైతే ఆ పిల్ల యజమానురాలా, తల్లిదండ్రుల యజ్ఞంలో ఋత్విక్కా? ఋత్విక్కే అయితే ఆ పిల్లకు ముట్టిన దక్షిణ ఏది? ఈ ప్రశ్న ఐస్ డాన్స్‌కే కాదు, మన ఊళ్ళలో ఐఐటీ కోచింగులకు కూడా వర్తిస్తుందని నాకు తెలుసు. మా వీధిలోనే చూశాను.

దీనికి మీమాంసలో ఒక మినహాయింపు ఉంది. కొడుకు పుట్టినప్పుడు తండ్రి వైశ్వానరేష్టి చేస్తాడు. చేసేది తండ్రి, ఫలం మాత్రం కొడుక్కి. తేజస్సు, అన్నం, పశుసంపద అన్నీ పుట్టిన బిడ్డకే చెందుతాయి. కర్తకే ఫలమన్న నియమం అక్కడ సడలింది. తల్లిదండ్రులు ఈ మినహాయింపు చూపించి, మేం చేసేదంతా నీ కోసమే కదా అనవచ్చు. మా అమ్మాయి అంటుంది కూడా. కారు అద్దం మీద మంచు గీకేది తను, జీతంలోంచి కోచ్‌కు కట్టేది తను, పోటీ బట్టల మీద రాత్రి పన్నెండింటి దాకా రాళ్ళు కుట్టేది తను. అదంతా నిజమే. కానీ వైశ్వానరేష్టిలో బిడ్డ తొట్టిలో పడుకుని ఉంటాడు, ఏమీ చేయడు. ఇక్కడ చేసేది బిడ్డే. కాబట్టి ఆ మినహాయింపు సగమే సరిపోతుంది.

మరి పిల్ల యజమానురాలు ఎప్పుడవుతుంది? టెస్సా వర్చూ జీవితంలో దీనికి ఒక జవాబు కనబడుతుంది. ఆంటారియోలో ఇల్డర్టన్ అనే చిన్న ఊళ్ళో, స్కాట్ ఇంటి మనిషే అయిన కోచ్ కరోల్ మోయిర్ వాళ్ళిద్దర్నీ జత కలిపింది. టెస్సాకు అప్పుడు ఏడేళ్ళు, స్కాట్‌కు తొమ్మిది. అడిగి కలిపింది కాదు, పెద్దవాళ్ళు చూసి కలిపింది. తర్వాత రెండేళ్ళకో ఏమో టెస్సాకు కెనడా జాతీయ బాలే స్కూల్లో చేరే అవకాశం వచ్చింది. ఆమె వద్దంది. స్కాట్‌తో ఆడడమే కావాలంది. రెండు దారులు ఎదురుగా ఉండి, ఒకటి వదులుకుని రెండోది పట్టుకున్న ఆ రోజున సంకల్పం ఆమెదైంది. ఏదో ఒకటి వదులుకునే వీలు లేకుండా పెరిగిన పిల్లకు ఆ రోజు రాదు. మా పిల్లకు మేం ఆ వీలు ఇచ్చామా అన్నది మా ఇంట్లో ఇంకా తెగని చర్చ.

ఇక పిల్ల అడిగిన ప్రశ్న. సగం వాడు పట్టుకుపోయాడా?

సత్రయాగం అని ఒకటుంది. మామూలు యజ్ఞంలో యజమాని ఒకడు, ఋత్విజులు వేరు. సత్రంలో అలా కాదు. పదిహేడు మందికి తగ్గకుండా, ఇరవై నాలుగు మందికి మించకుండా చేరి, అందరూ ఋత్విజులై, అందరూ యజమానులై రోజుల తరబడి చేస్తారు. అందులో దక్షిణ ఉండదు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ వేరుగా లేనప్పుడు దక్షిణ ఎవరు ఎవరికి ఇస్తారు? ఇంతమంది కలిసి చేసిన దానికి వచ్చే ఫలం ఎలా పంచాలన్నది జైమిని ముందున్న ప్రశ్న. పూర్వపక్షం వాడు పంచాలంటాడు. కర్మ ఒకటి, చేసినవాళ్ళు పదిహేడుగురు, తలా ఒక వంతు. సిద్ధాంతం మాత్రం వేరు. ఒక్కొక్కరికీ పూర్తి ఫలం. కారణం కోరికలోనే ఉంది. సత్రంలో కూర్చున్నవాళ్ళలో ఎవడూ పదిహేడో వంతు స్వర్గం కావాలని కూర్చోలేదు. ప్రతివాడూ మొత్తం కోరాడు, మొత్తం కర్మకు కర్తగా నిలబడ్డాడు. పక్కన పదహారుమంది ఉన్నంత మాత్రాన వాడి కర్తృత్వం పదిహేడో వంతుకు తగ్గిపోదు.

ఒలింపిక్ వేదిక మీద ఈ సిద్ధాంతం కళ్ళ ముందు కనబడుతుంది. మార్కు ఒకటే అయినా పతకాలు రెండు. స్కాట్ మెడలో ఒక పూర్తి పతకం, టెస్సా మెడలో ఒక పూర్తి పతకం. విరగ్గొట్టి చెరో ముక్క ఇచ్చిన జంట లేదు.

ఇది పిల్లకు చెప్పాను. మీరిద్దరూ కలిసి నేర్చుకున్న ప్రతి డాన్సూ మొత్తం నీది, మొత్తం వాడిది. వాడు తీసుకెళ్ళింది వాడి మొత్తాన్ని. నీ మొత్తం నీ దగ్గరే ఉంది. పిల్ల చాలాసేపు ఆలోచించి, "మరి వాడు వెళ్ళిపోయినందుకు వాడికి ఏమీ అవదా?" అంది. న్యాయమైన ప్రశ్నే. దీనికీ జవాబుంది. సత్రానికి దీక్ష పట్టినవాళ్ళలో ఎవరైనా మధ్యలో లేచిపోవాలనుకుంటే తన వంతు సోమం విడదీసుకుని వెళ్ళి విశ్వజిద్యాగం చేయాలి. విశ్వజిత్తు అంటే ఉన్న సర్వస్వం దక్షిణగా ఇచ్చేయడం. లేచిపోయేవాళ్ళు ఉంటారని ఆ శాస్త్రానికి ముందే తెలుసు. వాళ్ళను శపించలేదు. వాళ్ళ వంతు వాళ్ళకు ఇచ్చింది, తీర్చుకోవలసిన బరువు కూడా ఇచ్చింది. దీక్ష పట్టాక ఎవరూ ఊరికే వెళ్ళిపోలేరన్నదే నాకు అందులో గొప్పగా తోచింది. ఆ అబ్బాయికి కూడా పద్నాలుగేళ్ళే. కొత్త ఊళ్ళో, కొత్త జతతో, చేయి ఎత్తు దగ్గర్నుంచీ అన్నీ మళ్ళీ మొదలుపెట్టుకోవాలి. ఉన్నదంతా ఇచ్చేయకుండా అది కుదరదు.

ఈ ఆటలో మగపిల్లలు తక్కువ. అందుకే ఒక అబ్బాయి ఖాళీ అయ్యాడంటే ఎక్కడెక్కడి అమ్మాయిలూ ట్రైఅవుట్‌కు వస్తారు. ట్రైఅవుట్ అంటే జత కుదురుతుందో లేదో ఒకటి రెండు రోజులు కలిసి ఆడి చూసుకోవడం. ఎత్తు, బరువు, మోకాలు వంగే తీరు, ఎవరు ఎవరి ఊరికి మారతారు, ఖర్చు ఎవరు ఎంత పెట్టుకుంటారు, అన్నీ అక్కడ మాటకొస్తాయి. పెళ్ళిచూపుల్లో కూచున్నట్టుందని మా అల్లుడు బాధపడ్డాడు. నన్ను బాధపెట్టింది వేరే. తిరస్కారమంతా ఆడపిల్లల పక్షానే పడుతోంది. 2022 చివర్లో కెనడా స్కేటింగ్ సంఘం తమ దేశంలోని పోటీల వరకు జంట అంటే ఒక మగ, ఒక ఆడ అన్న నియమం తీసేసి, ఇద్దరు స్కేటర్లు అని మార్చింది. మంచి పని చేసింది. ఆరో అధ్యాయంలో ఐతిశాయనుడి వాదం వీగిపోయిన చోట కలిగే తృప్తి ఆ వార్త చదివినప్పుడు కలిగింది.

జత పోయినవాళ్ళు ఇంకొకర్ని తెచ్చుకోవచ్చా అన్నది కూడా పాత విచారణే. బియ్యం దొరక్కపోతే దాని బదులు ఇంకో ధాన్యం వాడవచ్చు. దేవతకు, అగ్నికి, మంత్రానికి, చేసే క్రియకు మాత్రం ప్రతినిధి ఉండదు. యజమానికి కూడా ఉండదు, ఒక్క సత్రంలో తప్ప. సత్రంలో ఒకరు తగ్గితే సంఖ్య నింపడానికి ఇంకొకర్ని కూర్చోబెట్టవచ్చు. అయితే ఆ వచ్చినవాడికి ఫలంలో హక్కు లేదు. దంపతులు చేసే యజ్ఞంలో భార్య లేకపోతే ఏం చేయాలన్నది మన ఇళ్ళలో చదువు రానివాళ్ళకు కూడా తెలుసు, 'లవకుశ' చూసినవాళ్ళే కదా అందరూ. రాముడు మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, బంగారు సీతను పక్కన పెట్టుకుని అశ్వమేధం చేశాడు. బంగారు బొమ్మ సీత స్థానాన్ని నింపలేదు, ఆ స్థానం సీతదేనని అందరికీ కనబడేలా కాపలా కాసింది.

2008 అక్టోబరులో టెస్సా వర్చూకు మోకాళ్ళ కింద, ముందువైపు కండరాల్లో ఒత్తిడి పెరిగిపోయే జబ్బుకు రెండు కాళ్ళకూ ఆపరేషన్ అయింది. ఆ సీజన్ గ్రాండ్ ప్రీ పోటీలు పోయాయి. స్కాట్ రింకుకు రావడం మానలేదు. ఇసుక మూటలు, హాకీ కర్రలు పట్టుకుని, టెస్సా ఉండవలసిన చోట వాటిని ఉంచి సాధన చేశాడు. డిసెంబరులో ఆమె తిరిగి మంచు మీదికి వచ్చింది. జనవరిలో వాళ్ళిద్దరూ కెనడా జాతీయ పోటీ గెలిచారు. 2010లో ఒలింపిక్ స్వర్ణం గెలిచేనాటికి ఆమెకు ఇరవై, అతనికి ఇరవై రెండు. అంత చిన్న వయసులో ఐస్ డాన్స్ స్వర్ణం అంతకు ముందు ఎవరికీ రాలేదు. ఇసుక మూట సంగతి తెలిసినప్పుడు నాకు వెంటనే బంగారు సీత గుర్తుకొచ్చింది. తేడా కూడా గుర్తుకొచ్చింది. ఆ బొమ్మ పక్కన సీత తిరిగి వచ్చి కూర్చోలేదు. టెస్సా వచ్చింది.

మా పిల్లకు ఎవరూ తిరిగి రారు. అయినా రింకు మానలేదు. అమెరికాలో ఒంటరిగా ఆడే ఐస్ డాన్స్ పోటీలున్నాయి, పరీక్షలు కూడా ఒంటరిగా ఇవ్వవచ్చు. అందుకని పాత డాన్సులే ఒక్కతే చేస్తోంది. ఒక రోజు దగ్గర్నుంచి చూశాను. వాల్ట్జ్ పట్టు పడుతున్నప్పుడు అమ్మాయి ఎడమ చేయి అబ్బాయి భుజం మీద ఉంటుంది. ఒంటరిగా చేసేవాళ్ళు ఆ చేతిని తమకు నచ్చిన చోట అందంగా పెట్టుకోవచ్చు. మా పిల్ల చేయి మాత్రం ఆ అబ్బాయి భుజం ఉండే ఎత్తులోనే ఆగింది. వేళ్ళు కొంచెం వంగి ఉన్నాయి, బట్ట పట్టుకున్నట్టు. కోచ్ రెండుసార్లు దించమన్నారు. దించింది. మలుపు తిరిగేసరికి మళ్ళీ అక్కడికే వచ్చింది.

గంట అయ్యాక అందరూ బయటికి వచ్చేస్తారు. జాంబోనీ బండి వచ్చి మంచును పైపైన చెక్కి, వేడినీళ్ళు పరుస్తుంది. అప్పటిదాకా గీసిన వంపులన్నీ మాయమవుతాయి. రోజూ చేసిన కర్మ రోజూ కళ్ళ ముందే చెరిగిపోతుంటే అది ఎక్కడ నిలుస్తుంది? మీమాంసకులను ఎక్కువ వేధించిన ప్రశ్న ఇదే. యజ్ఞం క్షణంలో అయిపోతుంది, స్వర్గం ఎప్పటికో వస్తుంది. మధ్యలో రెంటినీ కలిపేది ఏమిటి? అపూర్వం అన్నారు. చేసిన పని చేసినవాడిలో ఒక శక్తిగా నిలబడుతుంది, ఫలం వచ్చే దాకా ఉంటుంది. కుమారిలభట్టు దాన్ని కర్త ఆత్మలో ఉండే సామర్థ్యం అన్నాడు.

నా పాత సహాధ్యాయి ఒకాయన ఇది విని ఒప్పుకోలేదు. కనబడే కారణం దొరికినప్పుడు కనబడని దాన్ని ఊహించకూడదని మీమాంసే చెబుతోంది కదండీ, సాధన కండరాల్లో నిలుస్తుంది, దానికి అపూర్వం ఎందుకు అన్నారు. ఆయన మాట శాస్త్రరీత్యా సరైనదే. ట్విజిల్ ఎలా తిరగాలన్నది కాలికి గుర్తుంటుంది, అంతవరకు కండరం చాలు. కానీ చేయి అక్కడికే ఎందుకు వెళ్ళిందన్నది కండరంతో మొత్తం తేలదు. లేని మనిషికి చోటు ఉంచడం, అతని బరువు ఎటు ఒరుగుతుందో ముందే తెలిసి తన బరువు సర్దుకోవడం, అతను తప్పటడుగు వేస్తే తను కాస్త ఆగడం, ఇవన్నీ ఆ పిల్ల స్వభావమైపోయాయి. ఇంట్లో నేను మెట్లు దిగుతుంటే అడగకుండానే నా పక్కకు వచ్చి నా అడుగుకు అడుగు కలుపుతుంది. జంటగా ఆడిన పిల్లలకే వచ్చే గుణం అది. దాన్ని అపూర్వమనే అంటాను. అది ఆ అబ్బాయితో వెళ్ళలేదు.

ఇదంతా ఒప్పుకున్నా పతకం సంగతి మిగిలే ఉంటుంది. కామ్యకర్మకు ఒక కఠినమైన నియమం ఉంది. కోరికతో చేసే కర్మ అన్ని అంగాలతో పూర్తిగా చేస్తేనే ఫలం, ఒక్క అంగం లోపించినా లేదు. 2018లో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ జంట గాబ్రియెలా పాపడాకిస్, గియోమ్ సిజెరాన్ ఆడుతుంటే మొదలైన కొద్ది క్షణాలకే ఆమె మెడ దగ్గర బట్ట హుక్కు ఊడింది. ఆగి సరిచేసుకుంటే మార్కులు పోతాయి, ఆగకపోతే మానం. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఆగలేదు. చివరి దాకా ఆడింది. మర్నాడు పోటీ రెండో భాగమైన ఫ్రీ డాన్స్‌లో అందరికంటే ఎక్కువ మార్కులు వాళ్ళవే. మొత్తం కలిపితే మాత్రం వర్చూ, మోయిర్‌కు 206.07, వీళ్ళకు 205.28. తేడా 0.79. రజతం. ఈ రెండు జంటలు కూడా మాంట్రియల్‌లో ఒకే కోచ్‌ల దగ్గర, ఒకే మంచు మీద తయారైనవే. 2022లో బీజింగ్‌లో ఫ్రాన్స్ జంట స్వర్ణం గెలిచింది. ఒక్క హుక్కు నాలుగేళ్ళు. కామ్యమంటే అంత కఠినం.

నిత్యకర్మ అలా కాదు. అగ్నిహోత్రం లాంటివి బతికినన్నాళ్ళూ చేయాలి కాబట్టి చేతనైనంత చేస్తే చాలు, ఒక అంగం తగ్గినా కర్మ నిలుస్తుంది. మంచి బియ్యం లేని రోజు ఉన్న బియ్యంతోనే. జత పోయాక కూడా రింకుకు వెళుతున్న మా పిల్లను చూస్తే, కామ్యంగా మొదలైంది నిత్యమైందని నాకు అనిపించింది. పతకానికి ఇద్దరు కావాలి, తెల్లవారుజామున అంచు మీద ఒరగడానికి ఒక్కరు చాలు. అందరూ నిత్యంలోనే ఉండిపోవాలని నేననను. కోరిక తప్పు అని మీమాంస ఎక్కడా అనలేదు. కోరినవాళ్ళు పూర్తిగా చేయాలని మాత్రమే అంది. పాపడాకిస్ కోరింది, పూర్తిగా చేసింది. అది నిత్యం కంటే తక్కువదని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నిర్ణయం జరగాలి. దూరపు ఊళ్ళో ఒక అబ్బాయికి జత కావాలట. ట్రైఅవుట్‌కు రమ్మన్నారు. కుదిరితే పిల్ల అక్కడికే మారాలి, తెలిసిన కుటుంబం ఇంట్లో ఉండి చదువుకోవాలి. మా అమ్మాయి పంపుదామంటుంది. అల్లుడు వద్దంటాడు. పద్నాలుగేళ్ళ పిల్లను అలా ఉంచడం నాకూ ఇష్టం లేదు, ఆ మాట దాచలేదు. కానీ నా ఇష్టం ఇక్కడ కోరిక కాదు, అడ్డు మాత్రమే. కోరిక ఎవరిదో ముందు తేలాలి.

వాళ్ళిద్దరికీ టార్విల్, డీన్ అనే పాత ఐస్ డాన్స్ జంట సంగతి చెప్పాను. నాటింగ్‌హామ్‌లో ఆమె బీమా కంపెనీలో గుమస్తా, అతను పోలీసు. 1984 ఫిబ్రవరి 14న సారయెవో ఒలింపిక్స్‌లో రవెల్ 'బొలేరో' సంగీతానికి ఆడి, కళాభినయానికి తొమ్మిదిమంది జడ్జిల దగ్గరా అప్పటి పూర్తి మార్కు 6.0 తెచ్చుకున్నారు. పావుగంట సంగీతాన్ని ఎంత కుదించినా 4 నిమిషాల 28 సెకన్లకు తగ్గలేదు. నియమం ప్రకారం 4 నిమిషాల 10 సెకన్లు దాటకూడదు. వాళ్ళు నియమాన్ని మళ్ళీ చదివారు. బ్లేడు మంచును తాకి స్కేటింగ్ మొదలైనప్పుడే గడియారం మొదలవుతుంది. అందుకని మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టారు. 18 సెకన్ల పాటు మోకాళ్ళ మీదే ఒరుగుతూ, చేతులు తిప్పుతూ ఉండి, ఆ తర్వాత లేచారు. గడియారం లెక్కలో ఇంకా మొదలు కాలేదు, చూసేవాళ్ళకు ఎప్పుడో మొదలైపోయింది. మన పూజలో కూడా పువ్వు, పత్రి కంటే ముందు సంకల్పం ఉంటుంది. పేరు, గోత్రం, ఏం కోరి చేస్తున్నామో చెప్పుకుంటాం. చేసేవాళ్ళే నోటితో చెప్పాలి. పసిపిల్లల తరఫున పెద్దవాళ్ళు చెబుతారు. మా పిల్ల పసిపిల్ల కాదు.

ఈసారి సంకల్పం దానిచేతే చెప్పించండి, మీరు చెప్పకండి అన్నాను. మా అమ్మాయి కొంతసేపు ఊరుకుని, సరేనమ్మా అంది. ఆదివారం భోజనాలయ్యాక ముగ్గురం పిల్లను కూర్చోబెట్టి అడిగాం. వెళ్ళాలని ఉందా, ఇక్కడే ఒంటరిగా ఆడాలని ఉందా, అసలు మానేయాలని ఉందా అని మూడూ చెప్పాం. మూడోది చెప్పడం మా అమ్మాయికి కష్టమైంది, అయినా తనే చెప్పింది. పిల్ల ముగ్గురి మొహాలూ చూసి, వారం రోజులు టైమ్ కావాలంది. ఇచ్చాం.